మా బావ బాతుకాళ్ళు

దుకాణం షట్టర్ సగం లేపి ఉండగా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడా, మీ బావ పోయిండు" అంది. నేను అలవాటుగా "ఎటు పోయిండు?" అని అడిగేశాను. లారీ డ్రైవర్ భార్య నోటి నుంచి ఆ మాట ఎన్నేళ్ళుగానో వింటున్నాను మరి. నాగపూర్ పోయిండు, బెజవాడ పోయిండు, సిమెంటు లోడుకు పోయిండు. "ఎటు పోతడురా... కుర్చీల కూసోని, చాయ్ తాగుకుంట పోయిండు" అని అక్క ఏడ్చింది. షట్టర్ మళ్ళీ కిందికి దించి సూర్యాపేట నుంచి కోదాడ బస్సెక్కాను.

మీలో ఎవరైనా సాయంత్రం పూట కోదాడ బయట చెరువు కట్ట మీద నడిచి ఉంటే మా బావను తప్పకుండా చూసే ఉంటారు. లారీ ట్యూబులో కూర్చుని, చేతిలో గాలం పట్టుకుని, నీళ్ళ మీద వెనక్కి వెనక్కి పోతూ, ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆడమనిషితో గట్టిగా మాట్లాడే పెద్దమనిషి ఆయనే. ఆ ఆడమనిషి మా అక్క. ఆయన అలా వెనక్కి ఎందుకు పోయేవాడో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బావ బతుకంతా స్టీరింగ్ ముందే గడిచింది. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని ఎక్కడెక్కడికో పోయేవాడు. పోయేటప్పుడు అక్క గడపలోకి వచ్చి నిలబడేది. లారీ కదిలేది, సందు మలుపు తిరిగేది. ఆమెకు కనిపించేది వెనుక డాలా తలుపు, దాని కింద చక్రాలకు ఊగే రబ్బరు మడ్‌ఫ్లాపులు, అంతే. "నా సంసారమంత లారీ ఎనక భాగం తోనే అయిందిరా" అని నవ్వుతూనే అనేది. నవ్వుతూ అన్నా, అందులో ఉక్రోషం ఉండేది. నాకు తెలుసు, బావకూ తెలుసు.

మోకాళ్ళు మొరాయించాక బావ లారీ అమ్మేశాడు. ఒక్క ట్యూబు మాత్రం దాచుకున్నాడు. దాని నిండా గాలి కొట్టించి, మధ్యలో నవారు అల్లి మనిషి ఆనడానికి వీలుగా చేసుకున్నాడు. మా వైపు చేపలు పట్టేవాళ్ళు లారీ ట్యూబు మీద బోర్లా పడుకుని, చేతులకు పాత చెప్పులు తొడుక్కుని నీళ్ళు తోసుకుంటూ పోతారు. బావ కూడా అట్లాగే పోయాడు. మొదటి రోజు ముచ్చటపడి వెంట వెళ్ళిన అక్క కట్ట మీద నిలబడి చూసింది. ఆయన వీపు చిన్నదై చిన్నదై తుంగ వెనక్కి పోయింది. ఆ రాత్రి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. తెల్లారి చెప్పింది:

"బతుకంత నీ వీపే సూసిన. ఇగ ఇంటికాడ ఉంటడనుకుంటే మళ్ళ వీపేనా? నా దిక్కు మొఖం పెట్టి పోయేటట్టుంటే పో. లేకుంటే ఆ ట్యూబుకు నేనే సూది గుచ్చుత."

ఇంకో మగవాడైతే నవ్వి ఊరుకునేవాడు. మా బావ బస్సెక్కి సూర్యాపేటలో నా చెప్పుల దుకాణానికి వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, "బామ్మర్దీ! మీ అక్క దిక్కు మొఖం పెట్టి ఎనకకు పోవాలె. దానికి ఏం చెప్పులు కావాలె?" అని అడిగాడు. పెళ్ళి చెప్పులు అడిగినవాళ్ళున్నారు, ఆనెకాయల చెప్పులు అడిగినవాళ్ళున్నారు. ఇట్లాంటి గిరాకీ నాకు అదే మొదలు.

ఆయన లెక్క సరైనదే. ట్యూబులో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి తన్నితే ట్యూబు వెనక్కి పోతుంది, ముఖం ఒడ్డువైపే ఉంటుంది. కానీ ఒట్టి పాదాలకు నీళ్ళను నెట్టే బలం చాలదు. వాటికి రెక్కలు కావాలి. బావకు రబ్బరు అనగానే లారీయే గుర్తొస్తుంది కదా, పాత మడ్‌ఫ్లాప్ ఒకటి తెచ్చి రెండు ముక్కలు కోశాడు. దాని మీద పసుప్పచ్చ తామరపువ్వు బొమ్మ ఉండేది. సగం పువ్వు ఒక కాలికి, సగం పువ్వు ఒక కాలికి వచ్చింది. ట్యూబు పేలికలతో బూట్లకు కట్టుకుని, నడుముకు ట్యూబు తగిలించుకుని, లారీ నడిపినట్టే దర్జాగా ముందుకు అడుగేశాడు. రబ్బరు కొస బురదలో దిగబడింది, మనిషి నిలువునా బోర్లా పడ్డాడు. గొర్రెలు మేపుతున్న కురుమాయన ఒకడు కర్ర మీద వాలి, "ఓ పెద్దన్నా, చేపలు గాడున్నయ్, గీడ లెవ్వు!" అన్నాడు. మొదటి రోజు రాత్రి మాట్లాడని మా అక్క నవ్వీ నవ్వీ కట్ట మీద కూలబడింది. మర్నాటి నుంచి కుర్చీ పట్టుకుని తానే ముందు బయలుదేరేది.

తరువాత అక్క కొడుకు, నా మేనల్లుడు, హైదరాబాద్‌లో ఆర్డర్ పెట్టి అసలైన ఫిన్స్, ఈతగాళ్ళు కాళ్ళకు తొడిగే రబ్బరు రెక్కలు, పంపాడు. అవి సముద్రంలో మునిగేవాళ్ళవి, మోకాలంత పొడుగు. ఒట్టి కాలికి మేజోడులా బిగుతుగా తొడుక్కోవాలి. బావ చెరువు మధ్యకు పోయేసరికి పిక్కలు పట్టేశాయి, మడమలు ఒరుసుకుపోయాయి. తెప్ప మీద పోయేవాళ్ళు ఆయనను లాక్కొచ్చి ఒడ్డున పడేశారు. బావ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "తప్పు నాదే బామ్మర్దీ. ట్యూబు కారు గాదు, లోడు బండి. దానికి ఉరుకుడు అక్కర్లే, లాగుడు కావాలె. పొట్టిగ, జర గట్టిగ ఉన్నయి సూడాలె" అన్నాడు. మడమ దగ్గర తెరిచి ఉండి, పట్టీ బిగించుకునే పొట్టి ఫిన్స్ తెప్పించాం. లోపల బూటు వేసుకుని పైన తొడుక్కోవచ్చు.

ఇక ఆ బూటు సంగతి నా పని. ఒట్టి కాళ్ళతో దిగితే తుమ్మముళ్ళు, గుల్లపెంకులు. శాండల్ వేస్తే దాని పట్టీ మీద ఫిన్ పట్టీ పడి చర్మం లేస్తుంది. గంబూట్లు అడిగితే నేనే ఇవ్వనన్నాను. "బావా, అండ్ల నీళ్ళు నిండితే నిన్ను లేపనీకి క్రేన్ తేవాలె" అన్నాను. "అయితే నీ దుకాణంల క్రేన్ గూడ పెట్టు" అన్నాడు. చివరికి పల్చటి అడుగున్న కాన్వాస్ బూట్లు, ఒక సైజు పెద్దవి, లోపల మందపాటి సాక్సు. నీళ్ళు కారిపోవడానికి పక్కల బెజ్జాలు కొట్టాను. లేసులు గాలం దారానికి చిక్కుకుంటాయని తీసేసి ఎలాస్టిక్ కుట్టాను. బురదలో ఫిన్ ఊడిపోకుండా చీలమండకు చిన్న తాడు.

అన్నీ తొడిగి చూద్దామని బావ దుకాణంలోనే లేచి, బురదలో పడ్డ పాఠం గుర్తుంచుకుని, వెనక్కి వెనక్కి ద్వారం దాకా నడిచాడు. పెళ్ళి చెప్పులకు వచ్చినవాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. వాళ్ళ చిన్నపిల్ల "తాతా, నువ్వు బాతువా?" అంది. "ఔ బిడ్డా, ఇప్పుడే అయిన" అన్నాడు బావ. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు బాతుకాళ్ళు.

ఆ ఆదివారం నేనూ కోదాడ వెళ్ళాను. బావ ఒడ్డున కూర్చుని బాతుకాళ్ళు కట్టుకున్నాడు. అక్క చేయి పట్టుకుని లేచి, ఆమెకు ఎదురుగా నిలబడి, మడమతో తడుముకుంటూ నీళ్ళలోకి వెనక్కి దిగాడు. ట్యూబులో కూర్చుని కాళ్ళు ఆడించాడు. ట్యూబు మెల్లగా కదిలింది.

"కనపడుతున్ననా?"

"కనపడుతున్నవ్, పో!"

"మొఖమేనా?"

"మొఖమేనయ్యా, పండ్లు గూడ కనపడుతున్నయ్!"

ఒక్క చిక్కు మిగిలింది. వెనుక ఏముందో బావకు తెలియదు. తుంగలోకి పోతున్నాడని అక్క లేచి, ఏళ్ళ తరబడి లారీ రివర్స్ చేసేటప్పుడు క్లీనర్ అరవగా విన్నది గుర్తు చేసుకుని, కుర్చీ చేతి మీద దబదబ కొడుతూ అరిచింది: "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... రానీ... ఆపు!" బావ ఆనందం చెప్పలేను. "గిసొంటి క్లీనర్ నాకు ఎన్నడు దొరకలేదే!" అని చెరువంతా వినపడేటట్టు కేక పెట్టాడు. ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం అదే వరస. చేపలు పడ్డది తక్కువ, ఎప్పుడన్నా ఒక జెల్ల, ఎప్పుడన్నా ఒక చిన్న రవ్వ. నేను ఎగతాళి చేస్తే, "ముందుకు పోతుంటే రోడ్డు కనపడతది బామ్మర్దీ. ఎనకకు పోతుంటే మనిషి కనపడతది. చేపలదేముంది, బజార్ల గూడ దొరుకుతయి" అనేవాడు. ఆ మాట నాకు ఎంత ఇష్టమో.

బావ అస్థికలు కలపడానికి దామరచర్ల దాటి వాడపల్లి పోయాం. మేనల్లుడు కృష్ణలో మునిగి కుండ వదిలాడు. మా పెద్దాయన ఒకరు అందరికీ చెప్పారు: "ఇగ నడువుండ్రి. ఎవ్వరు గూడ ఎనకకు తిరిగి సూడొద్దు." అందరం మెట్లెక్కడం మొదలుపెట్టాం. అక్క మాత్రం కదల్లేదు. నది వైపే నిలబడింది. ఆ పెద్దాయన దగ్గరికి వచ్చి, "తప్పమ్మా, అట్ల సూడొద్దు" అన్నారు.

"నేను తిరిగి సూస్తలేను పెద్దాయినా" అంది అక్క. "అసలు నేను వీపే తిప్పలే. ఆయన నాకు వీపు పెట్టి నీళ్ళల్లకు పోవుడు ఎప్పుడో బంద్ జేసిండు. ఇయ్యాల నేనెట్ల పెడుత?"

అక్క నీళ్ళ మీద నుంచి చూపు తీయకుండా, బావ చెరువులోకి దిగినట్టే మడమతో తడుముకుంటూ, ఒక మెట్టు వెనక్కి ఎక్కింది. నేను గబగబా కిందికి దిగి ఆమె వెనుక నిలబడ్డాను.

"రానీ అక్కా... రానీ... మెట్టుంది... రానీ..."