తాళం వేసిన మరుగుదొడ్డి, నా కాలేయం

శామీర్‌పేట దగ్గరి ఒక ఊరి బడిలో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. 2002లో హెడ్మాస్టరు నాకొక మెమో ఇచ్చాడు. “తరగతిలో నిద్రించుచున్నారు. ఉద్యోగమునకు తగరని పై అధికారులకు రాయవలసి వచ్చును.” అందులో ఒక్క అక్షరం కూడా నేను మరచిపోలేదు.

నాది నిద్ర కాదు, కాలేయం జబ్బు. కాన్పులో ఎక్కించిన రక్తంతో వచ్చి ఉంటుందన్నారు. ఆ మాట చెప్పగానే స్టాఫ్‌రూములో ఒకాయన “మీ దిక్కు కల్లు మంచిగ దొరుకుతదా మేడమ్?” అన్నాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. పొద్దున మేడ్చల్‌లో బస్సెక్కేటప్పటికే నాకు దినమంతా నాట్లు వేసి వచ్చినంత అలసటగా ఉండేది, ఒక్కోసారి తల మబ్బు పట్టేది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. “టీచరమ్మా, ఒక్క కాలేయాన్ని చూస్తే సరిపోదు. పేగు లోపలి గోడ మంచి జల్లెడ లెక్క ఉండాలె. గీ జబ్బుల అది వదులైతదంటున్నరు. కడుపుల మురుగు నిలిస్తే విషం నెత్తుర్లకు పోతది, కాలేయం ఆపలేక తలకెక్కుతది. నీరసం మొత్తం దాంతోనే అని గట్టిగ చెప్పలేను. తల మబ్బు మాత్రం దాంతోనే.” తియ్యటి సిరప్ రాశాడు. రోజుకు రెండు మూడుసార్లు విరేచనం కావాలన్నాడు.

బడిలో ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. దానికి తాళం, చెవి హెడ్మాస్టరు జేబులో. ఆఫీసర్లు వస్తే పనికొస్తుందట. ఆడ టీచర్లం సాయంత్రం దాకా నీళ్లు కూడా తాగేవాళ్లం కాదు. అందుకని బడి ఉన్న రోజుల్లో మందు మానేశాను. తప్పు నాదే, ఈ ఒక్కటి ఒప్పుకుంటాను. రోజులు గడిచేకొద్దీ తలలో ఆ మబ్బు పొగమంచులా కమ్మింది. ఒకనాడు బోర్డు మీద భాగహారం సగంలో ఆగిపోయింది. ఏం దించాలో తోచక తల పట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి హెడ్మాస్టరు చూశాడు. మర్నాడే మెమో.

సోమవారం ఇంట్లో మందు నిండుగా తాగి, ప్రార్థన కాగానే ఆయన టేబుల్ ముందు నిలబడ్డాను.

“సార్, తాళంచెవి.”

“గిప్పుడేంది మేడమ్? గంట కొట్టిన్రు గద.”

“నా కడుపుకు గంట తెల్వది సార్.”

“అది ఆఫీసర్ల కోసమని...”

“అయితే ఆఫీసర్లనే పిలుస్త. మీ మెమోకు జవాబు రాసుకొచ్చిన. ఒకటి మీకు, ఒకటి మండలం ఆఫీసుకు. పొద్దుగాల నుంచి పొద్దూకేదాక నా కడుపు సంగతంత రాసిన. చదువుతరా, చెవిస్తరా?”

రెండు వరసలు చదివి కాగితం బోర్లించాడు. “రామ రామ! గివన్ని గూడ రాస్తరా!”

చెవి ఇచ్చాడు. నేను కదల్లేదు. మెమో రద్దు చేయమన్నాను. రేపన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను. శుక్రవారం నాడు రద్దు చేసి సంతకం పెట్టాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

తాళంచెవి తిరిగివ్వలేదు. ఆడపిల్లల తరగతి గోడకు మేకు కొట్టి తగిలించాను. వారం తిరగకుండానే మరుగుదొడ్డి ముందు ఆడపిల్లలు, ఆడ టీచర్లు వరస కట్టారు. “జరుగుండ్రే, నాకు డాక్టరు చీటీ ఉన్నది” అని ముందుకు పోయేదాన్ని.

అలసట పూర్తిగా పోలేదు. తల మాత్రం తేటపడింది. ఆ ఏడాది ఏడో తరగతి లెక్కలన్నీ పరీక్షలకు నెల ముందే పూర్తి చేశాను. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా తెలియజేశాను.