కీ.శే. నేను

ఎనభైల్లో నా ఇల్లు రేపల్లెలో, గుమాస్తా ఉద్యోగం బాపట్లలో. శనివారం సాయంత్రం తెనాలిలో బండి మారి ఇంటికి చేరేవాణ్ణి, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాణ్ణి. అక్కడ అందరికీ నేను హార్మోనియం మాస్టార్ని. అసలు పేరు ఎవరూ అడగలేదు.

రేపల్లె ప్యాసింజరు ఎప్పుడు కదులుతుందో దాని డ్రైవరుకు కూడా తెలిసేది కాదు. తెనాలి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని పాటలు కట్టేవాణ్ణి. వాటిలో పాట అనదగ్గది ఒక్కటే. మా ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ ఒక్కసారి విని పట్టేసింది. రెండో చరణంలో నేను సాగదీసినచోట సరిగ్గా సాగదీసింది.

కానీ చర్చి పాటల పుస్తకంలో నంబరు లేనిదాన్ని మావాళ్ళు పాట అనరు. పాస్టరుగారు నంబరు చెబితేనే గొంతులు లేస్తాయి. లేకపోతే దగ్గులే. అందుకని ఆ పాట రాసుకుని తెనాలిలో పుస్తకం కమిటీ పెద్ద దగ్గరికి వెళ్ళి, పాడి వినిపించి కాగితం ఇచ్చాను. రిటైరైన హెడ్మాస్టరు. శ్రుతికీ ఆయనకూ ఉప్పూ నిప్పూ. తల ఊపడం మాత్రం బాగా వచ్చు.

"పాట బాగానే ఉందండి. కానీ బతికున్నోళ్ళ పాటలు వెయ్యమండి. రేపు మీరేదైనా తప్పుదారి పట్టారనుకోండి, పుస్తకంలోంచి ఎట్టా పీకుతాం? పోయినోళ్ళతో ఆ బాధ లేదు."

చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఆ తర్వాత పదేళ్ళు ఆ కమిటీని తిట్టుకుంటూ, నేను పోయాక వీళ్ళే నా పాట వెతుక్కుంటారని లోలోపల సంబరపడుతూ గడిపాను. ఆయన మీద ఎంత రోత ఉండేదో, ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు నా మీద అంత రోత. శవానికి వేసే దండ కోసం బతికుండగానే మెడ చాచుకుని కూర్చున్నాను.

తొంభైల్లో కొత్త పుస్తకం వచ్చింది. నూట తొంభై మూడో పాట నాదే. కింద నా పూర్తి పేరు. పేరుకు ముందు 'కీ.శే.'

కీర్తిశేషులంటే కీర్తి తప్ప ఏమీ మిగలనివారు. నాకు కీర్తి తప్ప అన్నీ మిగిలే ఉన్నాయి: బీపీ, పెళ్ళాం, బాపట్ల ఆఫీసులో ఫైళ్ళు. తెనాలిలో దిగి హెడ్మాస్టర్ని నిలదీశాను.

"పొన్నూరులో మీ పేరాయనే ఒకాయన పోయాడండి. మీరే అనుకుని వేసేశాం. దిద్దించమంటే దిద్దిస్తాను. కాకపోతే రూలు రూలేగా, పాట తీసెయ్యాలి."

పదేళ్ళు ఆయన్ని ఈసడించుకున్న నేను, "ఉండనివ్వండి" అన్నాను. ఆయన తల ఊపి, కాఫీ తెప్పించాడు. తాగాను కూడా.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఆ పేజీలో 'కీ.శే.' మీద వేలు పెట్టింది.

"ఇదేంటి? ఒప్పుకునొచ్చారా?"

"పాట ఉంటుంది కదా."

"పాటుంటుందండీ. మరి నేను ముండమోసినట్టేగా?"

జవాబున్నవాడిలా కండువా దులుపుకున్నాను.

ఆ ఆదివారం పాస్టరుగారు నూట తొంభై మూడు అన్నారు. పక్కన నిలబడ్డ, చర్చిలో కుర్చీలు సర్దే పెద్దాయన నా చెవిలో, "ఎంత చక్కగా రాశాడండీ మహానుభావుడు! మాస్టారూ, ఈయన మీకు తెలుసాండి?" అన్నాడు.

"కొద్దిగా" అన్నాను.

పాస్టరుగారు హెడ్మాస్టరు దగ్గర నేర్చుకొచ్చిన వరస ఎత్తుకుంటే చర్చి అంతా లేచి పాడింది. రెండో చరణంలో సాగదీయాల్సినచోట అందరూ టపీమని తెంపేశారు. దిద్దడానికి నేను లేనుగా, వాళ్ళతోపాటే తెంపేసి వాయించాను. ఆ చోటు తెలిసిన మనిషి చర్చిలో ఒక్కతే. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో, పుస్తకం మూసి, నోరు విప్పకుండా, నా వంకే చూస్తూ నిలబడింది.