గట్టు దాటిన గాలి

మేడం పోయారన్న కబురు నాకు ఫ్యాక్టరీలో అందింది. ఆ రోజు మా మిర్చి పొడి కంటైనర్‌ను చూడటానికి విదేశీ కొనుగోలుదారు తరఫున తనిఖీ అధికారి వచ్చి ఉన్నాడు. తలకు టోపీ, మూతికి మాస్కు, చేతినిండా ఆయన అడిగే కాగితాలు. ఆయన వెళ్లేదాకా నేను గేటు దాటడానికి లేదు. తార్నాకలోని ఇంటి నుంచి మేడంను తీసుకెళ్తున్న వేళకు, మా షెడ్డులో నేల ఎలా కడుగుతామో నేను ఆయనకు వివరిస్తున్నాను.

ఆమెను ఎరగని మీకు ఎక్కడి నుంచి చెప్పాలో తెలియడం లేదు. క్యాంపస్‌లో ఆహార పరీక్షల ల్యాబు ఆమెది. నాలుగేళ్లు అక్కడ ఆమె దగ్గర పరిశోధన చేశాను. మాణికేశ్వర్ నగర్‌లో గది, ల్యాబుకు నడక. మిర్చి పొడి చేసిన రోజు మెట్ల దాకా తుమ్ములే. ఆమె రెండు చేతిరుమాళ్లు తడిపి, ఒకటి ముక్కుకు కట్టుకుని రెండోది నాకిచ్చేవారు. ఇంటికి వెళ్తూ కిరాణా కొట్టులో ప్రతి ప్యాకెట్టూ తిప్పి వెనక రాసింది చదివేవారు. కొట్టాయన విసుక్కుంటే, "బయటి దేశాలకు పంపేదానికి ఇన్ని పరీక్షలు చేస్తం. గీడ తినేటోళ్లు మనుషులు కాదా?" అనేవారు.

ఒక ఏడాది ల్యాబుకు మా ఊరి మిర్చి వచ్చింది. పాలమూరు వైపు మా ఊళ్లో మా చిన్నమ్మ, మరికొందరు ఆడవాళ్లు కలిసి పురుగుమందులు మానేసి పంట తీశారు. నేలనూ నీళ్లనూ పాడుచేయకుండా పండిస్తేనే కొంటానంది ఒక ఎగుమతి కంపెనీ. మందు లేదని అందరికీ కలిపి ఒకే సర్టిఫికెట్. ఒక్కరి బస్తాలో మందు తేలినా అందరిదీ పోతుంది.

తేలింది. పత్తికి కొట్టే మందు. ఆ బస్తా చిన్నమ్మదే. ఆమె చేను పక్కనే వేరే రైతు పత్తి చేను ఉంది. అక్కడ కొట్టిన మందు గాలికి గట్టు దాటి వచ్చి ఉంటుంది. ఇంకో బస్తాలోంచి తీసి చూద్దామని మేడంను బతిమాలాను.

"ఇంకోటి మంచిగొస్తే ఈ రిపోర్టు చింపేస్తవా?" అన్నారు.

రిపోర్టు తన ముందుకు లాక్కుని ఆమే అన్నారు.

"మిషన్‌కు మీ ఊరు తెల్వదు. నాకు తెలుసు. సంతకం నేను పెడత. ఊళ్లె కూడా నేనే చెప్త."

అన్నట్టే మా ఊరికి వచ్చి, చిన్నమ్మ ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పారు. చిన్నమ్మ గొంతు పెంచలేదు.

"మేం మందు ముట్టలే మేడం. మరి తప్పెవరిది?"

"నీది కాదమ్మా. కానీ ఫెయిలైంది నీ మిర్చే."

ఆ జవాబు అప్పుడు నాకు కఠినంగా తోచింది. ఇప్పుడు రైతులకు అదే జవాబు చెప్పే ఉద్యోగంలో ఉన్నాను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. ఫోన్లో చెప్పి పెట్టేస్తాను.

తర్వాత రెండు పంటల కాలం మేడం సెలవుల్లో మా ఊరికి వచ్చారు. పత్తి రైతును ఒప్పించి, గట్టు వెంట గాలికి అడ్డంగా జొన్న వేయించారు. "రూల్ రాసినోళ్లు ఈ గట్టు మీద నిలబడలే. నిలబడ్డ మనకు రూల్ మార్చే వీల్లేదు" అనేవారు. కంపెనీకి ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. సర్టిఫికెట్ తిరిగి వచ్చింది, కంపెనీ మాత్రం రాలేదు. అప్పటికే వాళ్లకు మరో చోట సరుకు దొరికిందట. మందు లేని ఆ మిర్చి మార్కెట్ యార్డులో మామూలు మిర్చిలో కలిసిపోయింది. ఆ సంగతి చెప్పిన రోజు మేడం "వాళ్లకు ఆశ పెట్టినోళ్లల్ల నేను కూడ ఉన్న" అని మాత్రం అన్నారు.

తనిఖీ ముగిసి నేను తార్నాక చేరేసరికి అంతా అయిపోయింది. గేటు బయట చిన్నమ్మ నిలబడి ఉంది. రైల్లో కాచిగూడ దాకా వచ్చి, అక్కణ్నుంచి దారి అడుగుతూ వచ్చిందట. లోపలికి రమ్మంటే కదలలేదు.

"నిన్ననే చేనుకు మందు కొట్టిన కొడుకా. ఆ కంపెనోళ్లు రాకపోయినప్పటి సంది కొడుతనే ఉన్న. ఈ చేతులతోని ఆమె ఫొటోకు పువ్వెట్ల పెట్టాలె?"

నేను తెచ్చిన పూలు అందించబోతే తీసుకోలేదు.

వాకిట్లో కుళాయి కనబడితే అటు నడిచింది. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంది. వాసన చూసుకుంది. మళ్లీ రుద్దుకుంది. తెరిచిన తలుపులోంచి ఫొటో ముందు దీపం కనిపిస్తోంది. నేను పూలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆమె కుళాయి కట్టేయడం లేదు.