తోక లేని విమానం

మా ఊరి మీదుగా విమానాలు కొత్తగా తిరగడం మొదలైన ఆ కాలంలో శంషాబాద్ చుట్టుపక్కల మనుషులందరికీ ఏదో ఒక పిచ్చి పట్టుకుంది. కొందరికి ప్లాట్ల పిచ్చి, కొందరికి కార్ల పిచ్చి. నాకు పట్టింది మాత్రం ప్లాస్టిక్ ఇటుకల పిచ్చి. ఇరవయ్యారేళ్ల వాణ్ని, విమానాశ్రయంలో సరుకుల విభాగంలో ఉద్యోగం, మెడలో గుర్తింపు కార్డు, సంబంధాలు వచ్చే వయసు. అలాంటివాణ్ని డ్యూటీ దిగి ఇంటికొచ్చి, తలుపు దగ్గరికేసుకుని, గోరంత ముక్కలను ఒకదాని మీద ఒకటి టక్కుమని నొక్కుతూ కూర్చునేవాణ్ని. ఇప్పుడు తలుచుకుని సిగ్గుపడాలేమో గాని, పడను. ఆ పనిలో నన్ను మించినవాడు మా మండలంలోనే లేడని నాకు అప్పుడూ నమ్మకమే, ఇప్పుడూ నమ్మకమే. (పోటీకి ఇంకొకడు లేకపోవడం నా తప్పు కాదు.)

మొదలు మాత్రం నా కోసం కాదు. మా అన్న కొడుకు పుట్టినరోజుకని నగరంలో పెద్ద మాల్‌కు పోయి ఒక డబ్బా కొన్నాను. చిన్న మంటలార్పే బండి, నిచ్చెనతో సహా మనమే కట్టుకోవాలి. వదిన డబ్బాను ఊపి చూసి, "గీ ముక్కలు నోట్లె పెట్టుకుంటే దవాఖానకు ఉరకాలె. నువ్వే ఉంచుకో మర్దీ" అంది. సరేనని ఉంచుకున్నాను. ఎట్లా ఉంటుందో చూద్దామని విప్పాను. అంతే, ఇక ఆ బండి తర్వాత రైలు, రైలు తర్వాత వంతెన, ఆఖరికి మూరెడు పొడుగు ప్రయాణికుల విమానం. తెల్లటి ఒళ్లు, ఎరుపు పసుపు తోక. దాన్ని కట్టడం పూర్తయిన రోజు మా బాపు గడప దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. "నెత్తి మీద నుంచి అసలు విమానాలు పోతున్నయి గదరా, ఇగ గీ బొమ్మ విమానం ఏంటికి?" అన్నాడు. ఎందుకో చెప్పినా ఆయనకు అర్థమయ్యేది కాదు.

అమ్మ కష్టం వేరు. నేను ముక్కలను రంగులవారీగా వేరుచేసి పెట్టుకోవడానికి ఆమె పోపుల డబ్బాలు ఒక్కొక్కటే మాయం చేసేవాణ్ని. మినప్పప్పు కోసం మూత తీస్తే చక్రాలు కనబడేవి. ఏ ముక్క పోయినా ఇల్లంతా ఊడ్చిన దుమ్మును చేటలో పోసి చెరిగి మరీ తీసిచ్చేది గాని, నా పని గురించి నలుగురిలో మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు. "ఇంట్ల ఏం జేస్తడే మీ చిన్నోడు?" అని ఎవరైనా అడిగితే, "కంప్యూటర్ పని జేస్తడు" అనేది. అప్పటికి మా ఇంట్లో కంప్యూటరే లేదు. ఆ మాట వినబడినప్పుడల్లా నాకు లోపల చివుక్కుమనేది. ఎదిగిన కొడుకు బొమ్మలాడుకుంటాడని చెప్పలేక ఆమె అంటున్న మాట అది.

అలా ఉండగా ఒక ఏడాది బతుకమ్మ పండుగ ముందు వారమంతా వాన పట్టుకుంది. మా బాపుది బంతి తోట. మామూలుగా పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు మా వాడలో అందరికన్నా ఎత్తైన బతుకమ్మ మా అమ్మదే, అందులో అనుమానం లేదు. ఆ ఏడు మాత్రం పూలు చెట్టు మీదే కుళ్లిపోయాయి. తంగేడు, గునుగు కోసం నేను హిమాయత్ సాగర్ దాకా బండి మీద తిరిగినా సగం గంప కూడా నిండలేదు. అదే సమయానికి మా పక్క గోడ చిన్నమ్మకు (బాపు తమ్ముడి భార్య) అత్తాపూర్‌లో ఉండే తమ్ముడు ఆటో నిండా పూలు పంపాడు. అమ్మ గోడ మీదుగా ఆ ఆటోను చూసి వచ్చి, అరుగు మీద కూలబడి, "ఇగ మనది ఈసారి జానెడే" అంది. కోపంగా అనలేదు, నెమ్మదిగా అంది. అందుకే నేను తట్టుకోలేకపోయాను.

"అమ్మా, పరేషాన్ గాకు. నేనున్న" అన్నాను.

నా ఆలోచన తిరుగులేనిది. బతుకమ్మ అంటే పైపైన పూలే గాని, నడుమ నింపేది ఆకులే కదా. ఆ ఆకుల బదులు నా ఇటుకలతో ఒక గోపురం కడితే, దాని చుట్టూ ఉన్న పూలనే పలచగా పేర్చుకోవచ్చు. అమ్మ మొహం చిట్లించి, "బత్కమ్మల ప్లాస్టికా?" అంది. "లోపలుండేది ఎవరికి గనబడతది? ఆకుల లెక్క కుంగదు, గట్టిగుంటది" అన్నాను. ఆమె ఒకసారి చిన్నమ్మ గోడ వైపు చూసింది. ఆ తర్వాత తాంబాళం తెచ్చి, అడుగున గుమ్మడాకులు పరిచి నా ముందు పెట్టింది.

చదరపు ముక్కలతో గుండ్రటి గోపురం లేపడం అందరివల్లా అయ్యే పని కాదు. ఒక్కో వరుసనూ కాస్త కాస్త లోపలికి జరుపుకుంటూ పోవాలి. ముక్కలు మిగలాలని లోపలంతా గుల్లగా వదిలి, గోడ మాత్రం సన్నగా లేపాను. (ఈ తెలివే తర్వాత కొంప ముంచింది. నిజానికి ముంచకపోవడమే అసలు గొడవ.) ఎవరికీ కనబడదని తెలిసినా చేతికొచ్చిన రంగు పెట్టడం నా వల్ల కాలేదు. గునుగుకు తెలుపు, తంగేడుకు పసుపు, బంతికి ఎరుపు, ఇలా వరుసకొక రంగు. బాపు చూసి, "లోపలుండేదానికి రంగులెందుకురా?" అన్నాడు. గట్లనే ఉండాలె అన్నాను. అంతా అయ్యాక గోడ మీదుగా చూస్తే చిన్నమ్మ బతుకమ్మ కన్నా బెత్తెడు తక్కువ. ఉన్న ముక్కలన్నీ అయిపోయాయి. గదిలోకి పోయి, బల్ల మీదున్న విమానం ముందు కాసేపు నిలబడి, దాని తోక ఊడదీసి తెచ్చి శిఖరానికి పెట్టాను.

అమ్మ పూలు పేరుస్తుంటే నేను దారం అందించాను. వరుస మీద వరుస, కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఇద్దరం చేసింది ఒకటే పనని అప్పుడు తోచింది గాని పైకి అనలేదు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాను: "అమ్మా, పూలు నీళ్లల్ల ఇడిచి లోపలిది తాంబాళంల పెట్టుకొని ఇంటికి తే. మర్వకు." పళ్లతో దారం కొరుకుతూ ఆమె "ఊఁ" అంది. అమ్మల "ఊఁ"ను నమ్మిన మగవాళ్లలో నేను మొదటివాణ్ని కాను.

సాయంత్రం వాడంతా కుంట గట్టుకు చేరింది. మా బతుకమ్మే ఎత్తు. చిన్నమ్మ దాన్ని రెండు వైపుల నుంచీ చూసి, "అక్కా, గిన్ని పూలు యాడ దొరికినయే?" అంటే, అమ్మ వినబడనట్టు చప్పట్లు కొడుతూ తిరిగింది. నేను దూరంగా బండికి ఆనుకుని, ఇదంతా నా చేతి పనే కదా అని మురిసిపోతూ నిలబడ్డాను. ఆట అయ్యాక అమ్మ శిఖరం మీద పసుపు ముద్దతో చేసి పెట్టిన గౌరమ్మను తీసి, ఆ పసుపు పుస్తెలకు అద్దుకుంది. తర్వాత తాంబాళం ఎత్తుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. ఇప్పుడు పూలు తీస్తుంది, ఇప్పుడు తీస్తుంది అని చూస్తున్నాను. ఆమె తాంబాళం వంచింది. ఆకులతో, పూలతో, నా గోపురంతో సహా బతుకమ్మ మొత్తం నీళ్లలోకి జారింది.

"అమ్మా, లోపలిది" అంటూ గట్టు దిగి ఉరికాను.

అమ్మ వెనక్కి తిరిగింది. ఆమె ముఖంలో నిజంగానే ఆశ్చర్యం. "గౌరమ్మ గూసున్నదాన్ని మల్ల ఇంటికి దెస్తర్రా?" అంది.

మిగతావాళ్ల బతుకమ్మలు నాలుగు అలలకు వాలి, విడిపోయి, పూలు పూలుగా సాగిపోయాయి. మాది మునగలేదు. గుల్లగా కట్టాను కదా, కింద ఆకుల మీద నిటారుగా నిలబడి కుంట నడిమికి బయలుదేరింది. తడిసిన దారం వదులై పూలు ఒక్కో వరుసే జారిపోతుంటే, లోపలి నుంచి తెలుపు, పసుపు, ఎరుపు వరుసలు మెరుస్తూ బయటపడ్డాయి. గట్టు మీది ఆడవాళ్లంతా అటే చూస్తున్నారు. నేను ఒక బూటు విప్పి, ప్యాంటు మడుస్తున్నాను. నా ఇన్నేళ్ల ముక్కలు, నా విమానం తోక కళ్ల ముందే పోతున్నాయి. ఇంత వయసులో బొమ్మ ముక్కలకు ఏడుపొస్తోందంటే ఎవరికి చెప్పుకోను?

"అక్కా, నీ బత్కమ్మ లోపల ఇంకో బత్కమ్మ ఉన్నది" అంది చిన్నమ్మ. అందులో ఎత్తిపొడుపు ఎంతో, అబ్బురం ఎంతో తేల్చలేం.

ఊరందరి ముందూ అమ్మ పరువు పోయిందనుకున్నాను. ఆమె తడి చీరతో నిలబడి కుంట వైపు చూసింది, నా వైపు చూసింది. మళ్లీ కంప్యూటర్ అంటుందేమో అనుకున్నాను.

"మా చిన్నోడు గట్టిండు" అంది. ఈసారి అందరికీ వినబడేట్టు, "వాడు ఇంట్ల గివే గడతడు. చేతులతోటి" అంది.

"మంచిగ గట్టినవ్ బిడ్డా" అంది ఎవరో పెద్దమ్మ. ఇంకో ఇద్దరు అవునన్నారు. ఇక ఇప్పుడు నీళ్లలోకి దిగి దాన్ని లాక్కురావడం ఎట్లా? ఒక కాలికి బూటు, ఒక కాలు బురదలో, అట్లాగే నిలబడిపోయాను. నెత్తి మీద నుంచి ఒక విమానం దిగుతూ పోయింది. దాని తోక దానికే ఉంది. మా గోపురం తుంగ పొదల దాకా పోయి, ఒక పక్కకు ఒరిగి, నెమ్మదిగా కనబడకుండా పోయింది. (నీళ్లలో ప్లాస్టిక్ వదిలావా అని ఇప్పటి పిల్లలు నిలదీస్తారు. న్యాయమే. నేను వదల్లేదు, అమ్మ వదిలింది.)

పండుగ వెళ్లిన తెల్లారి డ్యూటీ నుంచి వచ్చేసరికి, నా గదిలో ఉండాల్సిన విమానం ముందు గదిలో టీవీ పక్కన ఉంది. అమ్మే తెచ్చి పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. చుట్టాలెవరొచ్చినా దాన్ని చూసి తోకేదని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ "గౌరమ్మకిచ్చినం" అని కథ మొదలుపెడుతుంది. ఏటేటా ఆ గోపురం ఎత్తు కొంచెం పెరుగుతూనే ఉంది. నేను దిద్దను.

తోక ముక్కలు ఇప్పుడు ఫోన్లో చెబితే ఇంటికే వస్తాయి. మా ఆవిడ రెండుసార్లు గుర్తు చేసింది కూడా. వద్దన్నాను. ఆదివారం పూట దాని మీద దుమ్ము తుడుస్తుంటే, ఒంటి బూటుతో గట్టు కింద నిలబడి ఏడుపు ఆపుకుంటున్న ఆ కుర్రాడు కళ్లలో మెదులుతాడు, నవ్వొస్తుంది. ఆ రోజు అమ్మ మాట ఒక్క క్షణం ఆలస్యమైతే వాడు నీళ్లలోకి దూకేసేవాడే. తోక దక్కించుకునేవాడు, ఆ మాట మాత్రం వినేవాడు కాదు. తోకలున్న విమానాలు రోజూ మా ఇంటి మీదుగా ఎన్నో పోతుంటాయి. వాటిలో ఒక్కదాని గురించి కూడా మా అమ్మ ఎవరికీ చెప్పదు.