పుస్తకంలో రాసిన నాలుగు

నాలుగు అంకె కనిపిస్తే ఇప్పటికీ చూపు పక్కకు తిప్పుకుంటాను. ఇంటి నంబరులోనైనా, బస్సు మీదైనా. పదేళ్ళు దాటింది ఈ బరువు మోయబట్టి. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను డాక్టరును. జబ్బుకు మందు రాసిచ్చే రకం కాదు, జబ్బు రాకుండా చూడాల్సిన రకం. తొంభైల మధ్యలో బెంగుళూరులో బొమ్మనహళ్ళి వైపు ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాడిని. నాతోపాటు విమల అని ఇంకో డాక్టరు ఉండేది. కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. టీకాల పని ఆమెది. కేంద్రం తాళాలు, రిజిస్టర్లు నావి.

ఒక శుక్రవారం పై అధికారులు వచ్చారు. నేను స్లయిడ్లు వేసి మా పని చూపించాలి. ఆ గదిలో సరిగా పనిచేసే ప్లగ్ పాయింటు ఒక్కటే, దానికి పోలియో చుక్కలుండే ఫ్రిజ్ తగిలించి ఉంది. ఫ్రిజ్ ప్లగ్గు తీసి ప్రొజెక్టరుది పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలకెక్కి, తాళం వేసుకుని వెళ్ళిపోయాను. మర్నాడు రెండో శనివారం, సెలవు. ఆదివారం సాయంత్రం గుర్తొచ్చింది.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. నడి వేసవి. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల గోరువెచ్చగా ఉంది. వేడి తగిలిన పోలియో చుక్కలు ఉత్త నీళ్ళతో సమానం. అన్నీ పారబోసి, జరిగింది పైకి రాయాలి. రాస్తే? శుక్రవారం మెచ్చుకున్నవాళ్ళే సోమవారం సంజాయిషీ అడుగుతారు. ప్లగ్గు మళ్ళీ పెట్టాను. రోజుకు రెండుసార్లు, సెలవుల్లో కూడా, ఉష్ణోగ్రత చూసి పుస్తకంలో రాయడం నా పనే. ఖాళీగా ఉన్న గళ్ళన్నిట్లో, మందు చెడకుండా ఉండాల్సిన చల్లదనం ఎంతో అంతే, నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు అని నింపుకుంటూ పోయాను. ఒక్క గడిలోనూ కొట్టివేత లేదు.

సోమవారం విమల ఆ పుస్తకం చూసుకుని, చుక్కల మందు ఐసు డబ్బాలో సర్దుకుని గార్మెంట్ పనివాళ్ళుండే వీధికి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళాను. ఆపలేదు.

వానలు మొదలయ్యాక ఆ వీధిలో ఏడాది నిండని ఒక ఆడపిల్లకు జ్వరం వచ్చి కుడి కాలు చచ్చుబడింది. ఆ తల్లి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరును బతిమాలుకుని బయటికొచ్చి మరీ ఆ సోమవారం చుక్కలు వేయించింది. విమల పాత పుస్తకాలన్నీ తిరగేసింది. ఫ్రిజ్ పుస్తకంలో ఏ లోపమూ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? చివరికి, ఆ రోజు తిరిగొచ్చేసరికి తన డబ్బా కొక్కెం ఊడి ఉందని గుర్తుచేసుకుంది. ఎండలో మూత తెరుచుకుని మందు పాడైందని, తప్పు తనదేనని తేల్చేసుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

చుక్కలు మంచివైనా కొందరు పిల్లలకు పట్టవని, ఒక మోతాదు పోయినంత మాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదని, దానికి కారణం ఇదేనని ఎవరూ రుజువు చేయలేరని నాకు నేను ఎన్నిసార్లు పాఠం చెప్పుకున్నానో లెక్కలేదు. అదంతా నిజమే. నిజం వెనక దాక్కున్నా దాక్కోవడమే కదా?

కొన్నేళ్ళకు మా ఇద్దరినీ ఒక శిక్షణకు ఎంపిక చేశారు. ముందుముందు ఆరోగ్య శాఖను నడపబోయే యువ అధికారులకు నాయకత్వం, విధానాల రూపకల్పన నేర్పుతారట. బెంగుళూరులోనే, ఆరు వారాలు. ఒకరోజు కుర్చీలు గుండ్రంగా వేయించి, ఒక్కొక్కరూ తమ వైఫల్యం ఒకటి చెప్పాలన్నారు. పనులన్నీ నేనే నెత్తిన వేసుకుంటానని, ఇతరులకు అప్పగించలేనని, అదే నా లోపమని చెప్పాను. తప్పు ఒప్పుకోమంటే నన్ను నేనే పొగుడుకున్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత విమల లేచి డబ్బా కొక్కెం సంగతి చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

టీ విరామంలో ఆమె నా పక్కకొచ్చి నిలబడింది.

"చెప్పేస్తే తేలికైతాది అనుకుంటి. కాలేదప్పా," అంది. "నెలనెలా పోయి చూస్తాండా ఆ పిల్లని. నన్ను చూస్తే నవ్వుతాది. అదే తట్టుకునేదానికి కాదు."

నేను టీ ఊదుకుంటున్నాను.

"ఆ దినం నువ్వూ గుమ్మంలో ఉంటివి కదా. నిజం చెప్పప్పా, నేను పోయేటప్పుడు డబ్బా కొక్కెం సరిగా ఉండిందా?"

"గుర్తులేదు విమలా," అన్నాను.

"పోనీలే. నీకెందుకు గుర్తుంటాది."

అప్పుడు కూడా చెప్పలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? ఆమె ముఖం చూడలేకనా? రెండోదే అయితే బాగుండునని ఆశపడతాను. మొదటిదేనేమోనని అనుమానం.

శిక్షణ చివర ఒక్కొక్కరూ ఒక విధాన పత్రం రాయాలి. సెలవుల తర్వాత ఫ్రిజ్ పుస్తకాన్ని ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాకే మందు బయటికి తీయాలని నేను రాశాను. ఈ లొసుగు ఎవరికీ తట్టలేదే, నీకెలా తట్టిందని పెద్దలు ఆశ్చర్యపోయారు. దొంగకు కాక ఇంకెవరికి తడుతుంది? ఆ పత్రం వల్లే నాకు పెద్ద పదవి వచ్చింది. విమల ఇక పిల్లల మందు ముట్టనని రాసిచ్చి, జనన మరణాలు నమోదు చేసే విభాగానికి బదిలీ చేయించుకుంది. టీకాల పనిలో ఆమె అంత శ్రద్ధగల మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఆ శిక్షణలో నేనే పాఠం చెబుతున్నాను. కుర్చీలు గుండ్రంగా వేయిస్తాను. ముందుగా నా వైఫల్యం చెబుతాను, పనులు ఇతరులకు అప్పగించలేననే అదే పాత కథ. మొన్న ఒక అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టరు, అంతా విని, "అది తప్పెట్లా అవుతుంది సార్?" అని అడిగింది. గట్టిగా నవ్వేసి పక్కవారిని మొదలుపెట్టమన్నాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

ఈ కాగితం విమలకు పంపుతానా? మాట ఇవ్వను. నా మాట విలువెంతో మీకిప్పుడు తెలుసు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పడం కూడా పిరికితనమేనని నాకు తెలుసు.

ఆ రోజు కొక్కెం సరిగానే ఉంది, నేను చూశాను. లేకపోయినా ఒకటే. ఆ డబ్బాలోకి చేరకముందే మందు చెడిపోయింది. ప్లగ్గు తీసింది నేను. నాలుగని రాసింది నేను. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.