సుగుణమ్మ టీచర్ దాచిన ఫోటోలు

పాత కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి దుమ్ము వేడెక్కి ఒక వాసన వస్తుంది. ఈ సాయంత్రం ఆ వాసన తగలగానే సుగుణమ్మ టీచర్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నట్టనిపించింది. తెర మీద వెలిసిపోయిన పసుపు ఫోల్డర్లు వరసగా వచ్చాయి. వాటిలో ఏది కంప్యూటర్‌దో, ఏది ఆమెదో ఇప్పటికీ తడుముకుంటూనే ఉంటాను.

ప్రొద్దుటూరులో ఆమె మేడ మీద మేము అద్దెకుంటాం. జమ్మలమడుగు దగ్గర బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. పెళ్లయి వచ్చి గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను కంప్యూటర్ కోర్సులో చేర్పించింది ఆమే. ఇంట్లోకి ఒక కంప్యూటర్ కూడా కొని, "నేర్చుకునేదంతా దీని మీద చేసి చూడు పాపా, చెడిపోతే చెడిపోనీ" అంది. ఈ రోజు నా ఉద్యోగం ఆమె పెట్టిన భిక్షే.

ఆమెకు ఒక్కడే కొడుకు, ప్రభుదాసు. పులివెందులలో ఒక నాయకుడి వెంట తిరిగేవాడు. ఇంటికి వచ్చేది తక్కువ. నేనతన్ని ఫోటోల్లోనే చూశాను. ఎన్నికల ముందు అక్కడ ఎదుటి వర్గం నాయకుడి మనిషినొకణ్ణి చంపారు. కేసులో ప్రభుదాసు పేరు వచ్చింది. చనిపోయినవాడి వర్గం వెతుకుతోందని తెలిసి అతను మాయమయ్యాడు. ఎక్కడికి పోయాడని వీధిలో ఒక్కరూ అడగలేదు. ఫ్యాక్షన్ ఊళ్లలో ఆ ప్రశ్న వేయరు. తెలిస్తే ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సి వస్తుంది.

చంపడానికి బయటి ఊరి మనుషుల్ని పంపుతారు. వాళ్లకు ముఖం తెలియదు, ఫోటో కావాలి. అందుకని టీచర్ గోడ మీది ఫోటోలు, ఆల్బం అన్నీ పొయ్యిలో వేసింది. మిగిలినవి కంప్యూటర్లో ఎక్కించినవే.

"వీటిని గూడా తీసేయలేను పాపా. కనపడకుండా చెయ్."

కంప్యూటర్ తన పని కోసం దాచుకునే సిస్టమ్ ఫైళ్ల మధ్య వాటిని పెట్టి, దాగి ఉండేలా మార్చాను. తెర ఖాళీ అయింది.

"పోయినాయా?"

"లేదు టీచర్, ఉండాయి. సెట్టింగ్ మారిస్తే మళ్లీ కనపడతాయి. రంగు మాత్రం వెలిసినట్టుంటాయి."

"ఉండీ కనపడకుండా ఉండేది నాకు చెప్పాల్నా" అంది.

చనిపోయినవాడి వర్గం వాళ్లు పట్టపగలే వచ్చారు. తెల్లబట్టలు, మర్యాద. మంచినీళ్లు తాగి, ఒకతను కంప్యూటర్ ముందు కూర్చుని ఫోల్డర్లన్నీ తిరగేశాడు.

"కన్నకొడుకు ఫోటో ఒక్కటి గూడా లేదా టీచరమ్మా?"

"ఈడ లేదప్పా."

ఆదివారం చర్చిలో పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే మనిషి. రెప్ప కూడా వేయలేదు. మేం హంతకుణ్ణి దాస్తున్నామా, అమాయకుణ్ణి కాపాడుతున్నామా?

తర్వాత కంప్యూటర్ మొరాయించింది. బాగుచేయడానికి వచ్చినతను, దాగిన ఫైళ్లన్నీ బయటపెడితే వాటిలో వైరస్ ఏదో చూసి తీసేస్తానన్నాడు. టీచర్ ఒప్పుకోలేదు.

"ఆ వైరస్సేదో గూడా ఉండనీలేప్పా. దాక్కున్నోళ్లను చూపిచ్చేది మా ఇంట్లో లేదు."

ఆ తర్వాత మీట నొక్కి టీ కాచుకుని వస్తేగానీ కంప్యూటర్ లేచేది కాదు.

కొన్నేళ్లకు ఆ ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలో చేరారు. ఆ తెల్లబట్టలవాళ్లే ఓటడగడానికి వచ్చి దండం పెట్టి పోయారు.

"రాజీ అయిపాయ కదా టీచర్, ఇంక ఫోటోలు బయటికి తీద్దామా?" అన్నాను.

"రాజీ వాళ్లకయింది పాపా. మావాడు యాడుండాడో వాళ్లకూ తెల్దు, నాకూ తెల్దు."

అప్పటిదాకా ఆమెకు తెలుసనే అనుకున్నాను. ఆమె పోయేటప్పుడు కంప్యూటర్ నాకు వదిలి వెళ్లింది.

ఈ మధ్యాహ్నం గడ్డం నెరిసిన ఒకాయన గుమ్మం ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మ ఇల్లు ఇదేనా?"

"ఔను. ఆమె పోయి ఏడాది కావస్తాంది. మీరెవరు?"

"తెలిసినోన్ని." గుమ్మంలోంచే లోపలి గోడల వైపు చూశాడు. "ఆమె కొడుకు ఫోటోలేమన్నా ఉండాయా?"

"ఈడ లేవప్పా."

నేను ఆలోచించేలోపే మాట నోటి నుంచి వచ్చేసింది. ఆయన తలూపి వెనక్కి తిరిగాడు.

ఇందాకటి నుంచి తెర ముందు కూర్చుని, ఫోటోల్లోని ప్రభుదాసు కుర్ర ముఖంలో ఈ గడ్డం ముఖాన్ని వెతుకుతున్నాను. ఒకసారి అతనే అనిపిస్తుంది, ఒకసారి కాదనిపిస్తుంది. అతను కాకపోతే టీచర్ నేర్పిన పని సరిగ్గానే చేశాను. అతనే అయితే, అమ్మ తన ఫోటో ఒక్కటి కూడా ఉంచుకోలేదని నమ్మి వెళ్లిపోయాడు. వెనక్కి పిలుద్దామంటే, ఎక్కడికి పోతున్నారని నేను అడగనైనా లేదు.