పది నిమిషాలు ముందున్న తలుపు

నమ్మమని బతిమాలను. కానీ ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఏసీలు, లైట్లు, తలుపులు నడిపే కంప్యూటర్ గదిలో నా డ్యూటీ. ప్రతి తలుపుకూ ఒక కంట్రోలర్ డబ్బా, అందులో సొంత గడియారం; దాని టైం ప్రకారమే తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అవి మెల్లగా తప్పుతుంటాయి. రోజూ రాత్రి రెండింటికి పెద్ద కంప్యూటర్ అన్నింటికీ ఒకే టైం పంపి సరిచేస్తుంది. ఇదంతా జిల్లా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. ఆ గర్వం ఉండేది నాకు.

లిఫ్టు నడిపే సలీం భాయ్ నవ్వేవాడు. "ఏం పంతులూ, గడియారాలకు గూడ ట్యూషన్ చెప్తున్నవా?"

ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ఐసీయూ తలుపు డబ్బా టైం మరిచిపోయింది. పెద్ద కంప్యూటర్ ఇంకా ఆన్ కాలేదు. నాకు ఇంటికెళ్లే చొప్పదండి బస్సు తొందర. చేతి గడియారం చూసి టైం కొట్టేశాను. బస్సు తప్పకూడదని ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందు పెట్టుకుంటాను... అది గుర్తు రాలేదు.

ఐసీయూలో చూడనిచ్చేది ఏడు నుంచి ఏడుంబావు దాకే. లోపల సలీం భాయ్ భార్య. డ్యూటీ దిగి ఏడు గంటల ఎనిమిది నిమిషాలకు ఉరికొచ్చాడట. తలుపు అప్పటికే మూసుకుని గొళ్లెం పడిపోయింది.

"సిస్టరమ్మా, ఇంక ఏడు నిమిషాలున్నయ్ గదా! జర తెరువు!"

"టైం అయిపోయింది భాయ్. రేపు రా."

తలుపు అద్దంలోంచి ఆమె చేయెత్తడం చూశాడట. తెల్లారేసరికి ఆమె లేదు.

ఆ రాత్రి రెండింటికే డబ్బా టైం సరైపోయింది. నా తప్పు నా ఒక్కడికే తెలుసు. చెప్పలేదు.

నలభై రోజులు దాటాయి. నాది రాత్రి డ్యూటీ. రెండయింది. తెర మీద అన్ని డబ్బాలూ రెండు. ఐసీయూ తలుపు... రెండూ పది.

మళ్ళీ టైం పంపాను. సరైంది. రెప్ప వేసేలోగా... మళ్ళీ పది ముందు.

పైన ఐసీయూ దగ్గరికి వెళ్లాను. వరండాలో ఏసీ హోరు తప్ప వేరే చప్పుడు లేదు. అప్పుడు... అద్దం మీద లోపలి నుంచి... టక్. ఆగింది. టక్... టక్... గాజులు తగిలినట్టు. క్లిక్‌మని గొళ్లెం ఊడింది. తలుపు తెరుచుకుంది... అవతల ఎవరూ లేరు.

ఆ తలుపు ముందు, గోడవార నేల మీద కూర్చుని, సలీం భాయ్. అప్పటిదాకా చూసుకోలేదు.

"నీగ్గూడ ఇనవడ్తున్నదా తమ్మీ?"

చెప్పేశాను. బస్సు, గడియారం, పది నిమిషాలు... అంతా.

తిట్టలేదు.

"లిఫ్టు ఇడిశిపెట్టి జర ముందుగాల రాకపోతినని... గిన్ని దినాలు నన్ను నేనే తిట్టుకుంటున్న తమ్మీ."

లోపలి నర్సు ఏ చప్పుడూ వినలేదంది. డబ్బాల కంపెనీ అతను వచ్చి విప్పి చూసి, లోపం లేదన్నాడు. ఆ తలుపు మళ్ళీ టైం తప్పలేదు. ఆ చప్పుడేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

సలీం భాయ్ మాత్రం రాత్రి డ్యూటీ పడితే రెండింటికి పైకి, ఆ తలుపు దగ్గరికి వెళ్తాడు. నన్ను రమ్మనడు.